ఇంటాయన సంతకం

"ఇది ఆయన సంతకం కాదత్తమ్మా."

"కాక మరెవులిది? నీ సేతికే గదా కాయితాలు ఇచ్చినాను."

"ఇచ్చినారు. నాను సూడకండ సంచిలో ఎట్టీసినాను. అది నా తప్పే. ఇప్పుడు సూడండి. ఆయనది కింద గీత ఉంటాది. దీనికి గీత నేదు, రెండు సుక్కలున్నాయి."

"పెన్ను సరిగ్గా రాయనప్పుడు సుక్కలు పడతాయి."

"రెండూ ఒకే సైజులో, ఒకే వరసలో పడతాయేటి? ఇది మామగారి సంతకం. ఆయన పాత పుస్తకాల్లో సూసినాను నాను. సచ్ బోలియే అత్తమ్మా, నిజం సెప్పండి, ఎవులెట్టినారిది?"

"ఎవులెడితే ఏటే? ఇంటాయన సంతకం కావాలన్నారు. ఉన్నాది. అంతే గదా!"

"అంతే కాదు!"

ఆమె నా ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి. మధ్యాహ్నం రెండు దాటింది. భిలాయి సెక్టర్ 4లో మా క్వార్టర్ వంటగదిలో కింద కూర్చుని నేను చింతపండులో పిక్కలు తీస్తున్నాను. మా కోడలు గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో జిరాక్స్ కాగితం, ఇంకో చేతిలో మా అబ్బాయి బ్యాంకు పాస్‌బుక్కు. మర్నాడు పదకొండు గంటలకి దుర్గ్‌లో కలెక్టర్ కచేరీకి రమ్మని ఆమెకి ఉత్తరం వచ్చింది. భర్తతో కలిసి రావాలి, ఇద్దరూ అధికారి ఎదురుగా సంతకాలు చెయ్యాలి, దరఖాస్తులో ఇదివరకు చేసిన సంతకాలతో అవి సరిపోవాలి అని అందులో ఉందట. అందుకని ఆమె జిరాక్సులన్నీ సంచిలోంచి తీసి ఒక్కొక్కటే సరిచూస్తోంది. భర్త సంతకం దగ్గర ఆగిపోయింది.

ఆ సంతకం పెట్టింది నేనే.

మా కోడలు పుట్టింది నేపాల్ కొండల్లో. ఆమె తండ్రి పని వెతుక్కుంటూ భిలాయి వచ్చి, స్మృతి నగర్ వీధుల్లో కర్ర చప్పుడు చేసుకుంటూ రాత్రి కాపలా కాసేవాడు. ఈమె ఆరేళ్లప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని ఇక్కడ రైలు దిగింది. బడి ఇక్కడే, కాలేజీ ఇక్కడే. మా అబ్బాయిని చూసిందీ ఇక్కడే. ఆ పెళ్లికి నేను మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. మన మాట రాదు, మన వంట రాదు అన్నాను. రెండూ ఏడాదిలో వచ్చేశాయి. మాట నేర్పింది నేనే కనుక, ఆమెకి కోపమొచ్చినా మా శ్రీకాకుళం తెలుగులోనే వస్తుంది. మా మనవరాలి నోట మాత్రం హిందీ తప్ప రాదు.

ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నా, కాగితం మీద ఆమె ఈ దేశపు మనిషి కాదు. నేపాల్ వాళ్లు ఇక్కడ ఉండడానికి, పని చేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు కనుక చాలాకాలం ఎవరం పట్టించుకోలేదు. ఆ తేడా మాకు తెలిసింది పోలింగ్ రోజున. మా వరసలో ఆడవాళ్లంతా తలంటుకుని, మంచి చీరలు కట్టుకుని ఓటుకి బయల్దేరితే, ఈమె అందరి పిల్లల్నీ మా అరుగు మీద కూర్చోబెట్టుకుని కాసింది. వేలి మీద సిరా గుర్తులు చూపించుకుంటూ వాళ్లు తిరిగొచ్చాక ఎవరి పిల్లల్ని వాళ్లకి అప్పగించింది. తర్వాత మా వార్డులో అంగన్‌వాడీ పని ఖాళీ అయింది. పిల్లలంటే ఆమెకి ప్రాణం, చదువూ ఉంది. దరఖాస్తు పెట్టింది. ఓటరు లిస్టులో పేరు లేదని వెనక్కొచ్చింది. మరుసటి ఏడు మళ్లీ ఖాళీ అయితే మళ్లీ పెట్టింది. మళ్లీ అందుకే వెనక్కొచ్చింది. ఆ రెండోసారి ఆమె ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టి, వెళ్లి బట్టలు ఉతుక్కుంది.

ఇక్కడి వాణ్ని పెళ్లి చేసుకుని ఏడేళ్లు ఇక్కడే ఉంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఎవరో చెప్పారు. ఏడేళ్లు నిండిన వారమే కంప్యూటర్ షాపుకి వెళ్లింది. నేపాల్లో తండ్రి ఊరి నుంచి కాగితాలు రప్పించుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఒకసారి వచ్చినవి చెల్లవన్నారు, మళ్లీ తెప్పించింది. ఈసారి ఫైలు వెనక్కొస్తే ఆ తిరుగుడంతా మళ్లీ మొదటి నుంచి. ఆమె గొంతు పెరగడానికి కారణం అదీ.

ఇక సంతకం సంగతి. ఇది ఈ ఊరి ఆడవాళ్లకయితే చెప్పక్కర్లేదు. బయటివాళ్లకి చెప్పాలి.

ఇక్కడి స్టీలు ప్లాంటు మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. మొగవాడు ఇంట్లో మెలకువగా ఉండే వేళకి ఆఫీసులు మూసేస్తారు. ఆఫీసులు తీసి ఉండే వేళకి అతను ప్లాంటులోనైనా ఉంటాడు, నిద్రలోనైనా ఉంటాడు. కానీ ప్రతిదానికీ ఇంటాయన సంతకమే కావాలి. పిల్లల ప్రోగ్రెస్ కార్డుకి, గ్యాస్ బండ చీటీకి, ఆసుపత్రి మెడికల్ బుక్కుకి, క్వార్టర్లో కొళాయి కారుతోందని రాసే కంప్లైంటుకి కూడా. నైట్ చేసి వచ్చి పడుకున్న మనిషిని ఒక్క గీత కోసం ఎవరు లేపుతారు?

అందుకని మా ఆయన ఒక వీక్లీ ఆఫ్ రోజున నన్ను కూర్చోబెట్టి తన సంతకం నేర్పారు. నేను నాలుగో క్లాసు దాకా చదువుకున్నాను. తెలుగు రాస్తాను, చదువుతాను. ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆయన సంతకం ఇంగ్లీషులో ఇంటిపేరు ఒక్కటే. "అక్షరాలని సూడకు, ముగ్గని సూడు" అన్నారాయన. సుద్దముక్కతో నేల మీద వేసి చూపించారు. ఇక్కడ మొదలెట్టి పైకి లాగాలి, ఎడమ పక్క నుంచి మెలిక తిప్పాలి, మూడు అలలు, చివర తోక కిందికి జారాలి, దాని కింద రెండు చుక్కలు. మూడోసారికి నాకు పట్టుబడింది. "నా కన్నా నువ్వే బాగా ఎడుతున్నావే" అని ఆయన నవ్వారు. మా వరసలో అన్ని ఇళ్లలోనూ ఇదే పద్ధతి. "ఈ వీధి తండ్రులందరి దస్తూరీ ఎంత కుదురుగా ఉంటుందో" అని ఒక టీచరమ్మ మెచ్చుకుంది కూడా. మేమందరం తలలు వంచుకుని నిలబడ్డాం.

ఆయన పోయి ఆరేళ్లయింది. మా అబ్బాయి అదే ప్లాంటులో చేరాడు, ఇప్పుడీ క్వార్టర్ వాడి పేరు మీద ఉంది. వాడి సంతకం కూడా ఆ ఇంటిపేరే, ఆ మెలికే. చుక్కలు మానేసి కింద ఒక గీత పెట్టుకున్నాడు.

దరఖాస్తులో భర్త సంతకం చెయ్యవలసిన పేజీ ఒకటి ఉంది. మూడు నెలల కిందట, కాగితాలన్నీ మర్నాడే ఇచ్చెయ్యాలనగా, ఆ పేజీని కోడలు టేబుల్ మీద పెట్టింది. పాపని బడి నుంచి తీసుకురావడానికి వెళ్తూ, "ఆయన రాగానే ఈ ఒక్క చోట సంతకం ఎట్టించండత్తమ్మా" అని పెన్సిలుతో గుర్తు పెట్టి చూపించింది. అప్పుడు ప్లాంటులో ఒక కొలిమి ఆపి రిపేరు చేస్తున్నారు. వాడు రెండేసి షిఫ్టులు కలిపి చేస్తున్నాడు. ఇంటికొచ్చాడు, నాలుగు ముద్దలు తిన్నాడు, మేజోళ్లు కూడా విప్పకుండా గదిలో పడిపోయాడు. నేను కాగితం, పెన్ను పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లాను. ఒకసారి పిలిచాను. వాడి వేళ్ల సందుల్లో నల్లటి మసి ఇంకా పోలేదు. రెండోసారి పిలవలేదు. టేబుల్ దగ్గరికొచ్చి నేనే పెట్టేశాను.

కొడుకు సంతకం పెడుతున్నాననే అనుకున్నాను. చెయ్యి దానికి తెలిసినదే గీసింది. ఆ రెండు చుక్కలు పడ్డాయని కోడలు చూపించేదాకా నాకే తెలియదు.

ఇదంతా ఆ మధ్యాహ్నం ఆమెకి చెప్పాను. తప్పు ఒప్పుకున్నట్టుగా మాత్రం చెప్పలేదు. "నలబై ఏళ్లు ఎట్టినాను. ఒక్కరైనా ఏటిదని అడిగినారేటి?" అన్నాను.

"అవి గ్యాసు బండకి అత్తమ్మా."

"గవర్నమెంటు కాయితాలు కావేటి అవి?"

ఆమె ముందుగదిలోకి వెళ్లి కూర్చుంది. నేను చింతపండు ముందు కూర్చున్నాను గానీ పిక్కలు తీసిన గుజ్జులోనే మళ్లీ పిక్కలు వేస్తున్నాను.

మూడింటికి అబ్బాయి ఫస్ట్ షిఫ్ట్ నుంచి వచ్చాడు. సైకిలు తాళం కూడా వెయ్యకుండా, "ఏమైంది? ఇద్దరూ చెరో గదిలో ఉన్నారు. టీవీ కూడా బంద్" అన్నాడు. కోడలు కాగితం చేతికిచ్చింది. వాడు చూశాడు. నన్ను చూశాడు. పగలబడి నవ్వాడు.

"అరే, ఇది నాన్న సంతకం! రిటైరైనా, పోయినా, నాన్న డ్యూటీ మాత్రం మానలేదన్నమాట!"

"నవ్వకండి" అంది కోడలు.

"మరి ఏడవాలా? దేఖో, ఇంత టెన్షన్ ఎందుకు? రేపు నేను కూడా రెండు చుక్కలు పెడతాను. మ్యాచ్ అయిపోతుంది. బాత్ ఖతమ్."

నాకు ప్రాణం లేచొచ్చింది. అయిపోయిన నెలల క్యాలెండర్ కాగితాలు నేను పారెయ్యను, వెనక వైపు రాసుకోవడానికి పనికొస్తాయి. ఒకటి తెచ్చి వాడి ముందు పరిచాను. వాడు పెన్ను తీసుకుని తన సంతకాన్ని నా చేతిరాతలో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను.

"అలగ కాదురా. మెలిక ఎడం పక్క నించి రావాల."

"ఎడమ నుంచే వస్తోంది కదమ్మా."

"అది మెలికేటి, అప్పడంలాగున్నాది. డిప్లొమా సదివినావు, ఒక మెలిక తిప్పలేవు."

"డిప్లొమాలో ఇది నేర్పలేదు."

మనవరాలు ట్యూషన్ నుంచి వచ్చి బల్ల మీదికి వంగి చూసింది. "పప్పా, హోంవర్కా?" అని వాళ్ల నాన్నని అడిగింది. మా ఇద్దరి సంతకాలూ పక్కపక్కన చూసి, నాకు పదికి పది, వాళ్ల నాన్నకి నాలుగు మార్కులు వేసి ఆడుకోడానికి పరిగెత్తింది. వాడూ నేనూ నవ్వాం.

కోడలు వచ్చి ఆ క్యాలెండర్ కాగితాన్ని వాడి చేతి కింద నుంచి లాగి నాలుగు మడతలు పెట్టింది.

"రేపు అక్కడ నాను నిలబడి సదవాల. ఈ దేశానికి నమ్మకంగా ఉంటానని, ఇక్కడి కానూన్ పాటిస్తానని. సదివి సంతకం ఎట్టాల. పక్కన మీరు దొంగ సంతకం ఎడుతుంటే నాను ఏ నోటితో సదవను?"

"నా పేరు నేను రాస్తే దొంగ సంతకం ఎలా అవుతుంది?"

"మీది మీరు రాస్తే అవదు. అత్తమ్మ రాసింది మీరు రాస్తే అవుద్ది."

వాడు పెన్ను మూత పెట్టాడు. "సరే, నిజం చెప్తాం. ఫైలు వెనక్కి పంపేస్తారు. మళ్లీ నేపాల్ కాగితాలు, మళ్లీ అన్నీ. నీకు ఇష్టమేనా?"

"పంపనీండి."

అలా అంది గానీ, అన్న తర్వాత కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆ పట్టు నేను చూశాను.

"ఇంకోటి కూడా ఉంది" అని వాడు గొంతు తగ్గించాడు. "ఇంకొకరి సంతకం పెట్టడం అంటే కేసు. అమ్మ మీద."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది, అయితే బయటికి మంటే వచ్చింది. "బాగున్నాది. నన్ను జైల్లో ఎట్టించీసి నువ్వు ఓటెయ్యే" అన్నాను.

ఆ మాట నేను అనకుండా ఉండవలసింది. ఆమె కళ్లు నిండిపోయాయి. అయినా మొహం తిప్పుకోలేదు.

"మీ మీద ఒక్క మాట రానివ్వను. నానే ఎట్టీసినానని సెబుతాను. ఆయన నిద్దరోతుంటే నానే ఎట్టీసినానని."

మొగుడి చేత ఒక చిన్న అబద్ధం ఆడించడానికి ఒప్పుకోని మనిషి, నా కోసం అంతకన్నా పెద్దది తానే ఆడతానంటోంది. అదీ తన జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం ముందు నిలబడి. అలా చెబితే పోయేది ఆమె ఫైలే. వెనక్కి రావడం కాదు, ఇక ముందుకి వెళ్లదు.

"నువ్వెలగ ఎట్టినావంటే నమ్ముతారే?" అన్నాను. "ఎట్టి సూపించమంటే ఏం సేస్తావు? నీకా మెలిక తిరగదు."

వాడు నవ్వబోయి ఆగిపోయాడు. నేను వాణ్ని ఆ పేజీ చదివి చెప్పమన్నాను. ఆ పేజీలో ఏముందో అప్పటిదాకా నేను అడగలేదు. నలభై ఏళ్లలో ఏ కాగితంలో ఏముందనీ అడగలేదు. ఎక్కడ పెట్టాలన్నదే చూశాను.

వాడు హిందీలో చదువుతూ ఒక్కొక్క లైనుకీ తెలుగు చెప్పాడు. ఈమె నా భార్య. ఫలానా రోజున పెళ్లయింది. ఆ రోజు నుంచి నాతోనే, ఈ ఇంట్లోనే ఉంటోంది. నడవడి మంచిది. దరఖాస్తులో ఈమె రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజం. దీన్ని చదువుకుని, నా ఇష్టంతో సంతకం చేస్తున్నాను.

"అన్నీ నిజమే గదరా" అన్నాను.

"నిజమేనమ్మా."

"మరి?"

కోడలు నెమ్మదిగా అంది. "అన్నీ నిజమే అత్తమ్మా. అందుకే, ఆ ఒక్కటీ కూడా నిజమే ఉండాల."

నేను లేచి వెళ్లి చింతపండు డబ్బాలో పెట్టాను. పిక్కలు వేరే, గుజ్జు వేరే అని మళ్లీ చూసుకోవలసి వచ్చింది. ఆ సాయంత్రం వంట కోడలు చెయ్యలేదు, నేనే చేశాను. ఆమెకి ఇష్టమని వంకాయ కూర వండాను. ఆమె సగం తిని పాపకి పెట్టేసింది. వాడు రెండుసార్లు నా దగ్గరికొచ్చి, "అమ్మా, నువ్వు రావద్దు, మేం చూసుకుంటాం" అన్నాడు. ఏం చూసుకుంటారని అడిగితే, వెళ్లి సైకిలుకి తాళం వేసొచ్చాడు.

పళ్లేలు కడిగేటప్పుడు ఆమె పక్కన నిలబడి అన్నాను. "రేపు ఆటోలో నాకూ సోటుంచండి."

"మీరెందుకత్తమ్మా?"

"సంతకం ఎట్టినోళ్లు ఎల్లాల గదా."

ఆమె కొళాయి ఆపింది. ఏదో అనబోయింది. "నీల్లు వచ్చేది గంటసేపే, ఆపకు, కడుగు" అన్నాను.

మర్నాడు తొమ్మిదిన్నరకి బయల్దేరాం. పాపని బడిలో దింపేశాం. ఆటోవాడు చెప్పిన కిరాయికి ఒప్పుకోకుండా నేను కిందకి దిగినట్టు చేస్తే, అమ్మాజీ అమ్మాజీ అంటూ తగ్గించాడు. దుర్గ్ కచేరీలో మేం వెళ్లేసరికే బెంచీ నిండిపోయి ఉంది. కోడలు ఫైలు ఒళ్లో పెట్టుకుని, చదవవలసిన ప్రమాణాన్ని పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. వాడు మాటిమాటికీ రుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నాడు. నేను నోట్లో హిందీ మాటలు పేర్చుకుంటున్నాను.

పదకొండూ ముప్పావుకి లోపలికి పిలిచారు. అధికారి మా అబ్బాయి కన్నా చిన్నవాడు. ఫైలు తెరిచి ఒక్కొక్క పేజీ తిప్పాడు. భర్త పేజీ రాగానే మా అబ్బాయి, "సర్, ఒక చిన్న మిస్టేక్..." అని మొదలుపెట్టి అక్కడే నిలిచిపోయాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్లాను. వచ్చిన హిందీలో చెప్పాను. ఈ సంతకం నేను చేశాను, నా కొడుకు నిద్రపోతున్నాడు, కోడలికి తెలియదు. అంతే చెప్పాను. ఇంకేమీ కలపలేదు.

అధికారి కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మీరు ఇంగ్లీషులో సంతకం చేస్తారా?" అని అడిగాడు. రాదన్నాను. తెల్ల కాగితం, పెన్ను నా ముందుకి జరిపాడు. ఒక్క ఊపులో పెట్టాను, కింద రెండు చుక్కలతో సహా. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. పక్క బల్ల దగ్గరి గుమస్తా కూడా లేచొచ్చి చూశాడు.

"ఇది ఎవరి సంతకం?"

"మా ఆయనది. ఆయన లేరిప్పుడు."

ఆయన ఏ డిపార్టుమెంటులో చేసేవారని అడిగాడు. చెప్పాను. కాసేపు పెన్ను వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "అమ్మాజీ, ఇది దొంగ సంతకం అవుతుందని మీకు తెలుసా?" అన్నాడు.

"నిన్న తెలిసింది" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

నేను కోడలిని చూపించాను.

అధికారి ఆ పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా రెండు గీతలు కొట్టి, దాని మీద తేదీ వేశాడు. గుమస్తాని అదే పేజీ ఖాళీది తెమ్మన్నాడు. మా అబ్బాయిని మొత్తం పైకి చదవమని, చదివాక తన ఎదురుగా సంతకం చెయ్యమన్నాడు. వాడు తడబడుతూ చదివి, చేసి, కింద గీత గీశాడు. తర్వాత నన్ను జరిగింది రాసివ్వమన్నాడు. నేను తెలుగులో అరపేజీ రాశాను. దాని కింద అబ్బాయి అదే హిందీలో రాశాడు. చివర నా పేరుతో నేను తెలుగులో సంతకం చేశాను. దాన్ని ఫైలులో కలిపి, పైవాళ్లు దీని గురించి మళ్లీ పిలిచి అడగవచ్చని, అడిగితే రావాలని చెప్పాడు. వస్తానన్నాను.

అప్పుడు కోడల్ని నిలబడమన్నాడు. ఆమె కుడి చెయ్యి ఎత్తి, కాగితం చూసి ప్రమాణం హిందీలో చదివింది. మొదటి లైను మెల్లగా చదివింది, తర్వాత ఆగలేదు. చదవడం అయ్యాక కూర్చుని కింద సంతకం చేసింది. అధికారి దాన్ని దరఖాస్తు మొదటి పేజీలో ఆమె సంతకంతో సరిచూసుకుని, ముద్ర వేసి, ఫైలు పైకి పంపుతామని, మిగతాది ఉత్తరం ద్వారా తెలుస్తుందని చెప్పి రసీదు ఇచ్చాడు. ఆమె దాన్ని చదువుకుంది. నంబరు, తేదీ ఉన్నాయో లేదో చూసుకుని సంచిలో పెట్టుకుంది.

బయటికొచ్చేసరికి ఒంటిగంట కావస్తోంది. ఆ రోజు నుంచి అబ్బాయికి సెకండ్ షిఫ్ట్. వాడు అట్నుంచటే ప్లాంటుకి వెళ్లిపోయాడు. మేమిద్దరం పాపని బడి నుంచి తీసుకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాం.